కంబి దగ్గర తెగిన టైరు

పెబ్బేరులో వనపర్తి దారి మొదట్లో, ఒక రేకు డబ్బా పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునే యేసుబాబును ఆ చుట్టుపక్కల ఎరగని సైకిలు లేదు. మనుషుల్లో కొందరు ఎరగకపోవచ్చు. పంచర్లు వేసేవాళ్లు ఆ రోడ్డు మీదే ఇంకో నలుగురున్నారు. గాలి కొట్టేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. యేసుబాబు దగ్గరికి జనం వెతుక్కుంటూ వచ్చేది వేరే పనికి. చిరిగిపోయిన టైరును ఆయన కుట్టేవాడు.

కుట్టడం అంటే ఏదో నాలుగు పోగులు లాగి ముడివేయడం కాదు. చిరుగు లోపలి వైపున పాత టైరు ముక్కను పట్టీలాగా పెట్టి, దబ్బనంతో రెండు వైపుల నుంచీ దారం తీసి, ఒక్కో కుట్టూ పంటితో పట్టి బిగించేవాడు. ఆ కుట్టు ఆయన సైకిళ్ల దగ్గర నేర్చుకున్నది కాదు. వాళ్ల నాయన మోటకు తోలు తొండాలు కుట్టేవాడు. ఎడ్లు బావిలోంచి నీళ్లు లాగే రోజుల్లో ఆ తొండం కారిందంటే చేను ఎండినట్టే, అందుకని మంచి పేరున్న రైతులు కూడా పొద్దున్నే వాళ్ల గుడిసె ముందుకొచ్చి నిలబడేవాళ్లు. కరెంటు మోటార్లు వచ్చాయి. మోటలు మూలన పడ్డాయి. అడిగేవాడు లేక ఆ ముసలాయన ఆఖరి రోజుల్లో ఏవో పాత తోలు ముక్కలు ముందేసుకుని కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం చేస్తూ పోయాడు. కొడుకు బొంబాయి పోయి పదేళ్లు మట్టిపని చేసి, నడుం పట్టేసి తిరిగొచ్చి, సైకిలు రిపేరు పెట్టుకున్నాడు. ఒకరోజు తన టైరే చిరిగితే, చేతికి తెలిసిన కుట్టు అదొక్కటే కాబట్టి అదే వేశాడు. రెండేళ్లు నడిచింది. అప్పటి నుంచి పేరొచ్చింది.

రెండు వేల ఐదో సంవత్సరానికి ఆయన వయసు అరవైకి రెండేళ్లు తక్కువ. అప్పటికి ఎన్ని వందల టైర్లు కుట్టాడో ఆయనకే తెలియదు. ఎన్నింటిని కుట్టనన్నాడో కూడా తెలియదు. టైరు చేతికి రాగానే ముందు తిప్పి అంచు చూసేవాడు. టైరుకు రెండు అంచుల్లోనూ లోపల ఒక ఇనుప కంబి ఉంటుంది, రిమ్మును పట్టుకుని ఉండేది అదే. నడుమన ఎంత చిరిగినా కుట్టొచ్చు, ఆ బరువును పట్టీ మోస్తుంది. కంబి దగ్గర తెగిందా, ఇక దానికి ఎవరికి మొక్కుకున్నా లాభం లేదు. అలాంటిది వస్తే యేసుబాబు ఒక్కటే మాట అనేవాడు. "ఇది నాతోని గాదు. కొత్తది ఏస్కో." బతిమాలినా, తిట్టినా, పటేలే వచ్చి అడిగినా అదే మాట. ఆ మాట మీద నిలబడడం వల్లే ఆయన కుట్టిన టైరు మీద జనం ధీమాగా కూర్చునేవాళ్లు.

అలాంటి మనిషి చేసిన పని ఇది. ఆయన మంచితనం గురించి చెప్పి ఊరుకుంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, అది సగం మనిషిని చూపించినట్టు అవుతుంది.

పెబ్బేరుకు నాలుగు మైళ్ల దూరంలో, కాలువ అవతల ఒక చిన్న పల్లె. అక్కడి నుంచి భాగ్యమ్మ వచ్చేది. రెండెకరాల మెట్ట చెలక ఉన్న ఇల్లు. వానలు ఎగ్గొట్టిన ఏడాది ఆమె భర్త నర్సింహులు పుణెకు కట్టడాల పనికి పోయి, టీబీ తెచ్చుకుని తిరిగొచ్చాడు. అక్కడ రెండు నెలలు మందులు మింగాడట. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఇంకేం, నయమైపోయిందనుకుని మానేశాడు. జబ్బు ఈసారి రెట్టింపుగా తిరగబెట్టింది. పెబ్బేరు సర్కారు దవాఖానలో సిస్టరమ్మ వాళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"సోమారం, బుధారం, సుక్కారం. వారానికి మూడు సూదులు. మొత్తం ఇరవై నాలుగు. గోలీలు గూడ మా ముందరనే మింగాలె. అటెన్క ఒట్టి గోలీలతోని సరిపోతది. ఒకసారి నడిమిట్ల ఇడిసిపెట్టినవ్. ఈసారి గూడ ఇడిసిపెట్టినవనుకో, ఈ మందులు నీ మీద పని చెయ్యయ్. అప్పుడు నన్నడిగితె నేను చేసేదేం లేదు."

ఆ మాట భాగ్యమ్మ చెవిలో దిగిపోయింది. వాళ్ల ఊరికి బస్సు లేదు. ఆటో ఎప్పుడో ఒకటి వస్తుంది, వచ్చినా దగ్గే మనిషిని చూసి డ్రైవరు మొహం తిప్పుకుంటాడు. నర్సింహులు సైకిలు తొక్కే స్థితిలో లేడు. పది అడుగులు నడిస్తే ఆయాసం. అందుకని భాగ్యమ్మ ముప్పై నాలుగేళ్ల వయసులో, పొద్దు పొడవకముందే కళ్లం మీదికి పోయి, పడుతూ లేస్తూ, మోచేతులు గీరుకుంటూ నాలుగు రోజుల్లో సైకిలు నేర్చుకుంది. ఊళ్లో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. అయిదో రోజు మొగుణ్ణి వెనక కారియరు మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు బయలుదేరింది. నర్సింహులు మొహం కనపడకుండా టవలు చుట్టుకునేవాడు. దగ్గు కోసమని చూసేవాళ్లు అనుకునేవాళ్లు. దగ్గు కోసం కాదు. పెళ్లాం తొక్కుతుంటే వెనక కూర్చున్నందుకు.

దవాఖాన నుంచి తిరిగి వెళ్లేటప్పుడు ఆమె యేసుబాబు దగ్గర గాలి కొట్టించుకునేది. ఆయన వెనక టైరును బొటనవేలితో నొక్కి చూసి, "మంచిగుంది, పో బిడ్డా" అనేవాడు. ఆమె ఆయన్ను పెద్దయ్యా అని పిలిచేది. ఆమె కులపు వాళ్లు ఆయన్ను పేరు పెట్టి పిలుస్తారు, చిన్నపిల్లలు కూడా. ఆమె ఒక్కతే ఎందుకో పెద్దయ్యా అంది, మొదటి రోజు నుంచీ అంతే. ఆ పిలుపు విన్న ప్రతిసారీ యేసుబాబు ఇంకో నాలుగు పంపులు ఎక్కువే కొట్టేవాడు. ఎన్ని సూదులయ్యాయో అడిగేవాడు. పన్నెండన్నప్పుడు, సగమైందమ్మా అని ఆయనే సంబరపడ్డాడు.

పదిహేనో సూది పడిన శుక్రవారం ఆ టైరు తెగింది. దవాఖాన దాటి వస్తుంటే రోడ్డు పక్కన పగిలిన సీసా పెంకు ఒకటి వెనక టైరు పక్క భాగాన్ని కోసేసింది. భాగ్యమ్మ సైకిలు నడిపించుకుంటూ, నర్సింహులు వెనకాలే మెల్లగా నడుచుకుంటూ యేసుబాబు దగ్గరికి చేరారు.

మరుసటి రోజు పశువుల సంత. ముందురోజే ఎడ్లను తోలుకొచ్చిన రైతులు రోడ్డుకు అటూ ఇటూ కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. రోడ్డుకు ఎదురుగా జగదీశ్ దుకాణం. అతను ఆ మధ్యే పెట్టాడు. కొత్త టైర్లు దండల్లాగా వేలాడదీసి ఉంటాయి. పాతికేళ్ల కుర్రవాడు, నోటి దురుసు తప్పితే చెడ్డవాడని చెప్పడానికి లేదు.

యేసుబాబు టైరు ఊడదీసి, తిప్పి, అంచు చూశాడు. కోత రెండంగుళాలుంది. చివర అంచు దాకా పోయింది. రబ్బరు విడిపోయి లోపల కంబి మెరుస్తోంది. ఇక చూడవలసింది ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకు క్షణంలో తెలిసిపోయింది.

"కొత్తది ఏసుకుందునా పెద్దయ్యా?" అంది భాగ్యమ్మ. "ఇంగ తొమ్మిది సూదులున్నయి. నడిమిట్ల ఆగిందంటె మా బతుకు ఆగినట్టే. నువ్వెట్ల చెప్తె అట్ల చేస్త."

కొత్తది ఏస్కో బిడ్డా అనే మాట యేసుబాబు నోటి చివరిదాకా వచ్చింది. వచ్చిన మాట బయట పడకముందే రోడ్డు అవతల నుంచి జగదీశ్ గొంతు వినిపించింది.

"ఏం యేసుబాబు, సూది దారం తీస్తున్నవా? అది చెప్పు గాదు, టైరు. కుట్టిస్తె కాలికి తొడుక్కోని పోతరా ఏంది వాళ్లు?"

రైతులు నవ్వారు. ఎవరో ఒకతను, "వాళ్లకు అలవాటైన పని గదరా" అన్నాడు. ఇంకా నవ్వారు.

యేసుబాబుకు తల కొట్టేసినట్టయింది. తన తండ్రి కుట్టిన తొండాల నీళ్లు తాగి పెరిగిన పొలాల వాళ్లు వీళ్లు. వాళ్ల తాతలు గుడిసె ముందు నిలబడినవాళ్లు. ఇప్పుడు కొత్తది వేసుకోమని చెబితే భాగ్యమ్మ నేరుగా రోడ్డు దాటి జగదీశ్ దగ్గరికే పోతుంది. వాడు చెప్పిందే నిజమన్నట్టు అవుతుంది, ఈ నవ్వు రేపు సంతంతా పాకుతుంది. టైరు గురించి ఆ కుర్రవాడు అన్నది నిజమేనన్న సంగతి ఆ వేడిలో యేసుబాబు లెక్కలోకి రానే రాలేదు. లేదు, వచ్చింది. వచ్చినా పక్కకు నెట్టాడు. ఆ తేడా చెప్పుకోకపోతే ఆయన చేసింది పొరపాటే అనిపిస్తుంది. అది పొరపాటు కాదు.

"కొత్తది ఎందుకు బిడ్డా?" అన్నాడు, రోడ్డు అవతలికి వినపడేలా. "నేను కుడ్త. దసరా దాంక దాని మొకం సూసే పని ఉండదు నీకు."

"నువ్వంటె అయిపాయె" అని ఆమె నిశ్చింతగా భర్త పక్కన కూర్చుంది.

గంటసేపు కుట్టాడు. లోపల ఒకటికి రెండు పట్టీలు పెట్టాడు. కంబి చుట్టూ దారం రెండు వరసలు తిప్పాడు. బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టు కుట్లు పడ్డాయి. ఆయన జీవితంలో అంత అందమైన కుట్టు మరోటి వేసి ఉండడు. రైతులు నవ్వడం మానేసి చూశారు. జగదీశ్ కూడా రోడ్డు దాటి వచ్చి, వంగి చూసి, ఏమీ అనకుండా వెనక్కి పోయాడు. యేసుబాబు ఆ రోజంతా తల ఎత్తుకుని కూర్చున్నాడు.

శనివారం సంతలో ఆ కుట్టు గురించి ఇద్దరు ముగ్గురు చెప్పుకున్నారు కూడా. ఆదివారం చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకుంటే మాత్రం ఆయనకు ఆ అంచులో మెరిసే కంబి కనిపించింది. రేపు సోమారం వస్తారు గదా, అప్పుడు మెల్లగా చెబుతాను, టైరు మార్చుకోమంటాను అని తనకు తానే చెప్పుకున్నాడు.

సోమవారం వాళ్లు వచ్చారు. పదహారో సూది పడింది. భాగ్యమ్మ ఎప్పటిలాగే సైకిలు తెచ్చి ముందు నిలబెట్టింది. యేసుబాబు వంగి వెనక టైరు తడిమాడు. కుట్టు పక్కన, అంచు మీద, వేలెడంత ఉబ్బు తగిలింది. తలెత్తి చూస్తే జగదీశ్ దుకాణం మెట్టు మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు.

"ఎట్లుంది పెద్దయ్యా?"

"మంచిగనే ఉంది" అన్నాడు యేసుబాబు. "గాలి జర తగ్గింది, అంతే."

గాలి కొట్టి పంపాడు. మొదటిసారి కోపంలో చేశాడనుకుందాం. ఈ రెండోసారికి ఆ సాకు కూడా లేదు.

బుధవారం వాళ్లు రాలేదు. తొమ్మిదయింది, పదయింది. యేసుబాబు చేతిలో ఉన్న పంచరు పని అలాగే ఉండిపోయింది. పదకొండింటికి అటు నుంచి మేకలు తోలుకొస్తున్న ఒకతను, కాలువ వాలు దగ్గర ఆ సైకిలామె మొగుడితో సహా పడిపోయిందని చెప్పాడు. యేసుబాబు పనిముట్లు గోనెలో చుట్టి, తన సైకిలెక్కి తొక్కాడు.

కాలువ వాలు దిగగానే తుమ్మచెట్టు కింద వాళ్లిద్దరూ కనిపించారు. నర్సింహులు మోచెయ్యి దోక్కుపోయింది, మోకాలు వాచింది. భాగ్యమ్మ అరచేయి చీరుకుని రక్తం గడ్డకట్టింది. సైకిలు పక్కన పడి ఉంది. యేసుబాబు మొదట దాని వైపే చూశాడు. కుట్టు చెక్కుచెదరలేదు. ఒక్క పోగు కూడా ఊడలేదు. దాని పక్కన అంచు చీలిపోయి, కంబి రిమ్ములోంచి బయటికి లేచి నిలబడింది. దానితో పాటే లోపలి ట్యూబు పగిలింది.

"నీ తప్పేం లేదు పెద్దయ్యా" అంది భాగ్యమ్మ, ఆయన ఏమీ అడగకముందే. "జూడు, నీ కుట్టు ఒక్కటి ఊడలే. మా రాత గిట్లుంది. ఇద్దరి బరువు ఎట్ల ఆపుతది పాపం అది?"

"ఇద్దరి బరువు గాదు" అన్నాడు నర్సింహులు. "నా బరువు. నువ్వొక్కదానివి పోయినప్పుడు ఎన్నడన్న పలిగిందా? నా కిందనే పలిగింది, సక్కగ నా కింద."

దవాఖానలో కిందటి వారం తూకం వేస్తే ముప్పై ఎనిమిది కిలోలున్నాడు ఆ మనిషి. సైకిలు కారియరు మీద అంతకు రెట్టింపు బరువు బస్తాలు వేసుకుని రైతులు రోజూ ఆ వాలు దిగుతారు. ఆ మాటే యేసుబాబు అక్కడ అని ఉండాలి. దానికి బదులు గబగబా తన సైకిలు వెనక టైరూ ట్యూబూ ఊడదీసి వాళ్ల సైకిలుకు ఎక్కించాడు. టైరు ఇవ్వడానికి చెయ్యి వచ్చింది గానీ, నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎక్కు నర్సింహులు. ఇంక ఏళ దాటలే, సూది ఏస్తరు."

"ఎక్క" అన్నాడు నర్సింహులు. "ఇంగ ఆ బండి ఎక్క. ఇయ్యాల చెయ్యి పలిగింది, రేపు లారీ కింద పడ్తది. నన్ను మోసి మోసి ఈమె సచ్చిపోవాల్నా? నా జబ్బు నాతోనే పోనీ."

భార్య భుజం పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ ఇంటి దారి పట్టాడు. పదిహేడో సూది పడలేదు.

గురువారం భాగ్యమ్మ ఒక్కతే దవాఖానకు వచ్చి పోయింది. శుక్రవారం మళ్లీ ఒక్కతే వచ్చింది. తిరిగి పోతూ యేసుబాబు ముందు ఆగింది. కళ్లు వాచి ఉన్నాయి.

"సిస్టరమ్మ ఎట్లన్న జేసి పట్కరమ్మంటుంది పెద్దయ్యా. ఒకటి తప్పింది, ఇయ్యాలటిది తప్పొద్దంటుంది. ఆయన ఎంత చెప్పినా ఇంటలేడు. అన్నం ముట్టలే. నువ్వొచ్చి జర చెప్పరాదు? నీ మాటంటె ఆయనకు గురి."

యేసుబాబు గోనెపట్టా చుట్టేసి లేచాడు. ఆయన సైకిలుకు వెనక టైరు లేదు. భాగ్యమ్మ సైకిలు నడిపిస్తూ, ఆయన పక్కన నడుస్తూ, నాలుగు మైళ్లూ పోయారు. దారిలో రెండుసార్లు చెబుదామని నోరు తెరిచాడు. మొదటిసారి, ఈ ఏడు వానలు పర్వాలేదు గదా అన్నాడు. రెండోసారి, జొన్న మంచిగ మొలిచిందన్నాడు. ఆమె రెండింటికీ అవునంది.

నర్సింహులు చూరు కింద మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. యేసుబాబు వాకిట్లో, మంచానికి దూరంగా, నేల మీద కూర్చున్నాడు. ముందు ఎవరైనా చెప్పే మాటలే చెప్పాడు. ధైర్యం పెట్టుకో అన్నాడు. ఇంక ఎనిమిది సూదులే గదా అన్నాడు. భార్య మొహం చూసైనా లేవమన్నాడు.

"ఆమె మొకం జూసే చెప్తున్న" అన్నాడు నర్సింహులు గోడ వైపు నుంచే. "నేను ఎక్కకుంటె ఆ టైరు పలుగకపోతుండె. ఆమె చెయ్యి తెగకపోతుండె. మొగోణ్ణి, పెండ్లాం మీద బరువైతి. ఇంగేం జూస్తవ్?"

భాగ్యమ్మ చెంబుతో నీళ్లు తేవడానికి లోపలికి పోయింది. యేసుబాబు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఈ మనిషి ఈ మంచం మీదే పోతాడు. తన మొహం చూసి ఎవరో నవ్వకుండా ఉండడం కోసం పోతాడు. అంత స్పష్టంగా ఆయనకు ఆ సంగతి అప్పుడే అర్థమైంది.

"నర్సింహులు, ఆ టైరు నీ బరువుకు పలుగలే."

"మల్ల?"

"కంబి కాడ తెగింది అది. కంబి కాడ తెగితె కుట్టొద్దు. ఎవ్వలు ఎక్కినా పలుగుతుండె. చిన్న పిల్ల ఎక్కినా పలుగుతుండె."

నర్సింహులు మెల్లగా ఇటు తిరిగాడు. "కుట్టినప్పుడు నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెల్సి కుట్టినవా?"

"తెల్సే కుట్టిన. జగదీశ్ అందరి ముందర చెప్పు గాదన్నడు. కొత్తది ఏస్కోమంటె ఆని మాట నెగ్గుతదని కుట్టిన. సోమారం నాడు ఉబ్బింది, చేత్తోని తడిమి సూసిన. అప్పుడన్న చెప్తె అయిపోతుండె. చెప్పలే. మొన్న కాలువ కాడ నువ్వు నా బరువు, నా బరువు అనుకుంట ఏడుస్తుంటె గూడ చెప్పలే."

భాగ్యమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఆ నీళ్లు యేసుబాబు కోసం తెచ్చినవి. చెంబు గుమ్మం మీదే పెట్టేసింది.

"నీకు తప్పు లేదని నేనే అంటి" అంది. ఆమె గొంతు పెంచలేదు. "చెయ్యి తెగి రక్తం కారుతుంటె నీకు ధైర్యం చెప్తి. నువ్వు ఇన్నవ్. ఇని ఊకున్నవ్. రెండు దినాల సంది ఈ మనిషి గోడ దిక్కు మొకం పెట్టుకోని నేను బరువు, నేను బరువు అనుకుంట పండిండు. నీకు ఒక్క మాట చెప్పనీకె రెండు దినాలు పట్టెనా? కొత్తది ఏసుకుందునా అని నిన్ను అడిగితి గద. నిన్నే అడిగితి."

యేసుబాబు తల వంచుకుని కూర్చున్నాడు.

నర్సింహులు మంచం పట్టెను పట్టుకుని లేచి కూర్చున్నాడు. ఆయనకు భార్య మాటలు వినపడినట్టు లేదు. ఆయన ఒకే ఒక్క సంగతి దగ్గర ఆగిపోయాడు.

"నిజంగ నా బరువు గాదా?"

"గాదు."

"మీ దేవుని మీద ఒట్టు పెట్టు."

ఒట్లు పెట్టుకోవద్దని చర్చిలో పాస్టరు ఎప్పుడూ చెప్పేవాడు. యేసుబాబు పెట్టాడు.

నర్సింహులు చాలాసేపు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఆ పుల్లల్లాంటి కాళ్లను అలా చూసుకుంటుంటే ఆయన మొహం మారింది. నవ్వు అనడానికి లేదు, ఏడుపూ కాదు. తర్వాత కాళ్లు కిందికి దించాడు.

"భాగ్యా, నా అంగీ ఇయ్యి. ఏళ ఎంతైంది? ఒంటిగంట దాంక ఏస్తరు గద?"

నర్సింహులు సంగతి తేల్చేయాలి కాబట్టి ఇక్కడే చెబుదాం. పదిహేడో సూది ఆ మధ్యాహ్నమే పడింది. మిగిలిన ఏడూ ఒక్కటీ తప్పకుండా పడ్డాయి. ఆ తర్వాత గోలీలు కూడా ఆఖరి దాకా మింగాడు. మనిషి నిలబడ్డాడు, రెండేళ్ల తర్వాత చెలక తనే దున్నుకున్నాడు. ఇదంతా యేసుబాబుకు ఇతరులు చెబితే తెలిసింది. ఆ ఇంటికి ఆయన మళ్లీ పోలేదు.

ఆ శుక్రవారం భాగ్యమ్మ సైకిలు వాకిట్లో తిప్పి నిలబెట్టింది. నర్సింహులు టవలు భుజం మీద వేసుకున్నాడు గానీ మొహానికి చుట్టుకోలేదు. కారియరు ఎక్కబోతే మోకాలు వాపు వల్ల కాలు లేవలేదు. సైకిలు ఒరిగింది. యేసుబాబు చటుక్కున లేచి పోయి కారియరు పట్టుకోబోయాడు.

"ముట్టకు" అంది భాగ్యమ్మ.

పుట్టిన దగ్గర నుంచి ఆ మాట విన్నవాడే యేసుబాబు. బావుల దగ్గర విన్నాడు, హోటళ్లలో గ్లాసుల దగ్గర విన్నాడు, గుమ్మాల ముందు విన్నాడు. ఇన్నేళ్లూ ఏ తప్పూ చెయ్యకుండానే విన్నాడు, విన్న ప్రతిసారీ లోపల రగిలిపోయాడు. ఈ మాట అన్నది మాత్రం తనను పెద్దయ్యా అని పిలిచిన మనిషి. ఆమె తన కులాన్ని చూసి అనలేదు. తాను చేసిన పనిని చూసి అంది. రగిలిపోవడానికి ఆయనకు ఈసారి ఏమీ మిగల్లేదు. చెయ్యి వెనక్కు తీసుకుని, వాళ్లు పోవడానికి దారి వదిలి పక్కకు నిలబడ్డాడు.